అరుగు మీద కదురు

1959 ఫిబ్రవరి 9, సోమవారం

ముందుగా నా రాతకు మన్నించమని అడగాలి. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో సగం మరిచిపోయాను. ఎవరిని మన్నించమంటున్నానో నాకే తెలియదు, ఇది నేను తప్ప ఎవరూ చదివేది కాదు. అయినా దేవరకొండ బడిలో పంతులమ్మ అలాగే నేర్పింది.

ఈ నోటుబుక్కు కూడా ఆమె ఇచ్చిందే. మా బాపు వాళ్ళింటికి మేకపాలు పోసేవాడు. ఆ చనువుతో ఆమె నన్ను నాలుగేళ్ళు బడిలో కూచోబెట్టింది. నాలుగో తరగతి పాసైతే ఇది బహుమానం. ఖర్చు పెట్టడానికి మనసొప్పక ఇన్నేళ్ళు పెట్టె అడుగున దాచాను. ఇప్పుడు తీయడానికి కారణం, ఎల్లుండి ఆయన మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోతున్నాడు. ఇక్కడ గడ్డి అయిపోయింది. మళ్ళీ రావడం ఉగాదికే. రెండు నెలలు ఇంట్లో నేనూ అత్తమ్మా. అత్తమ్మతో నేను మాట్లాడేది తక్కువ. ఎవరితోనైనా తక్కువే.

చెలక సంగతి రాసి పెట్టాలి. రెండెకరాల నాలుగు గుంటలు. నేను కాపురానికి వచ్చిన ఏడే మందకు రోగం తగిలి సగం గొర్రెలు పోయాయి. మళ్ళీ గొర్రెలు కొనడానికి చెలకను లింగస్వామి మామ దగ్గర మూడువందలకు కుదువ పెట్టారు. వడ్డీ లేదు. పైకం తిరిగి ఇచ్చేదాకా ఆయన దున్నుకుంటాడు, పంట ఆయనే తింటాడు. కాయితంలో ఐదేళ్ళ గడువు. ముందే తీర్చుకుంటామంటే ఏ ఏడైనా ఉగాదిలోపల పైకం ఆయన చేతిలో పెట్టాలి. ఉగాది పొద్దున ఆయన నాగలి ఒక్క సాలు వేసిందంటే ఆ ఏడు చెలక మళ్ళీ ఆయనదే.

మూడు పంటలు మా కళ్ళ ముందే ఆయన బండి ఎక్కాయి. నాలుగోది ఎక్కనివ్వకూడదని ముగ్గురం ఒక మాట అనుకున్నాం. ఇంకా నలభై రూపాయలు తక్కువ.

ఫిబ్రవరి 10

ఈరోజు ఇంట్లో పెద్ద గొడవ. గొడవంటే అత్తమ్మ ఒక్కతే. ఆయన నవ్వుతూ కూచున్నాడు.

పంట కోసిన చెలకల్లో రైతులు మందను పెట్టించుకుంటారు. రాత్రంతా గొర్రెలు అక్కడ పడుకుంటే ఆ పెంటతో నేలకు బలం వస్తుంది. రాత్రికి కుంచెడు జొన్నలో, దానికి తగ్గ పైసలో ఇస్తారు. మాకు అదే రాబడి. ఐదు రాత్రులుగా మందను ఎవరి చెలకలో పెడుతున్నాడో అత్తమ్మ అడగలేదు. ఈరోజు జొన్నలేవని అడిగింది.

“యాడివి జొన్నలు. మన చెలకల్నే పెట్టిన” అన్నాడు ఆయన.

అత్తమ్మ చేతిలో చాట కింద పెట్టింది. “మన చెలక యాడున్నదిర కురుమయ్యా. దాన్ని లింగస్వామి తింటున్నడు గద.”

“ఉగాదికి మనదైతది.”

“కాకుంటే?”

“అయితదే అమ్మా.”

“నేను అగ్గిపుల్లను రెండు చీలికలు జేసి గీకుతున్న. నువ్వు ఐదు కుంచాల జొన్నలు తీస్కపోయి నేల మీద పోసొచ్చినవు.”

“పెంట నేల మీద గాక ఇంక యాడ పోస్తరే” అన్నాడు.

నాకు నవ్వాగక తలుపు వెనక్కి పోయాను. తరవాత నీళ్ళు ఇస్తుంటే నాతో మెల్లగా అన్నాడు, “గొర్లు ఆ గట్టు కాడికి రాంగనే అవ్వే మళ్ళినయి. నేనేం జెయ్యాలె.” గొర్రెలకు చెలక గుర్తుందంటే నమ్మాను.

ఫిబ్రవరి 11

ఆయన వెళ్ళాడు. నాకేమీ అనిపించలేదు. కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

ఫిబ్రవరి 16

అత్తమ్మ పొదుపు చూస్తే నాకు ముచ్చట. ముందు భయమేసేది. అగ్గిపుల్లను సూదితో నిలువునా చీలుస్తుంది. ఒక్కటి కూడా విరగదు. పొయ్యి ఆరిపోతే ఆ పుల్ల కూడా తీయదు, చిప్ప పట్టుకుని పక్కింటికి నిప్పుకు పంపుతుంది. పక్కింటి రామమ్మ పొయ్యి ఆరితే మా ఇంటికి వస్తుంది. రెండిళ్ళలో ఎవరి పొయ్యి ఎప్పుడు ఆరుతుందో ఇద్దరికీ లెక్కే.

చింతపండు పులుసు పిండాక ఆ పిప్పితో చెంబులు తోముతాం. గింజలు ఎండబెట్టి గంజి కాస్తాం, గొంగడి నేసేటప్పుడు దారానికి పట్టించడానికి. చింతపండులో పారేసేది ఏముందా అని ఈరోజు వెతికాను. ఏమీ దొరకలేదు. గెలిచినంత సంతోషమయింది.

ఫిబ్రవరి 19

చాయ్ మానేశాం. నాకు చాయ్ మీద మొదటినుంచీ ఇష్టం లేదు.

ఫిబ్రవరి 24

ఇది నేను కనిపెట్టింది, అత్తమ్మ చెప్పింది కాదు, అందుకే వివరంగా రాస్తున్నాను.

ఊళ్ళో మిగిలిన మందలు పొద్దున కంచెల సందులోంచి పోతాయి. సందు ఇరుకు, రెండు పక్కలా తుమ్మకంప. గొర్రె ఒరుసుకున్న చోటల్లా ముళ్ళకు ఉన్ని చిక్కుతుంది. కాపురానికి వచ్చినప్పటినుంచీ చూస్తున్నదే. నిన్న నీళ్ళకు పోతూ ఒక పోగు తీశాను, ఇంకొకటి తీశాను. ఇంటికి వచ్చేసరికి కొంగు నిండింది. కడవ మాత్రం ఖాళీ.

అత్తమ్మ తిట్టబోయి కొంగులోకి చూసింది. ఉన్నిని వేళ్ళతో చీల్చి చూసింది. “నీళ్ళు నేను తెస్తగని మళ్ళ పో” అంది.

ఈరోజు రెండుసార్లు పోయాను. చేతులకు గీతలు పడ్డాయి. నల్ల ఉన్ని, బూడిద ఉన్ని వేరువేరుగా పెట్టాను. కత్తెర వేసినప్పుడు మిగిలింది కూడా ఉంది. దారం తీసేది నేను. నేసేది అత్తమ్మ, మామ పోయిన దగ్గరనుంచీ మగ్గం ఆమెదే. ఒక గొంగడికి సరిపోతుందంది.

మార్చి 1

కంచె దగ్గర లింగస్వామి మామ భార్య భద్రమ్మత్త ఎదురయింది. నా చేతులు పట్టుకుని చూసింది. మంచి మనిషి.

“ఇదేంది బిడ్డా, ఎడమచేతికి రెండే గాజులు. కుడిచేతికి ఒక్కటే. దుకాణంల గాజులు అయిపోయినయా?”

నాకు గాజుల మోజు లేదని చెప్పాలనుకున్నాను. తలదించుకున్నాను.

“కంపల మీది ఉన్ని దేనికి?”

దానికీ తలదించుకున్నాను. ఆమె నవ్వి పోయింది. నేను జవాబు చెప్పకపోతే మనుషులు ఎక్కువసేపు నిలబడరు. అది నాకు బాగానే ఉంటుంది.

మార్చి 7, శివరాత్రి

ఇద్దరం ఉపవాసం. సాయంత్రం అత్తమ్మ జొన్నల కుండలోకి చూసి, “ఒక్క దినానికి ఇంత మిగిలింది. నెలకు రెండు శివరాత్రులుంటే బాగుండు” అంది. దేవుడి ముందు కూచుని నవ్వాను. నేను నవ్వడం చూసి ఆమె కూడా నవ్వింది. మూడేళ్ళలో మేమిద్దరం కలిసి నవ్వడం ఇదే మొదలు.

మార్చి 14, శనివారం

కృష్ణ ఒడ్డునుంచి మల్లప్ప వచ్చాడు. ఆయనా మా ఆయనా మందలు కలిపి తోలుకుపోయారు. అక్కడి చెలకల్లో మంద పెట్టినందుకు వచ్చిన పద్నాలుగు రూపాయలు ఆయన పంపాడు.

మల్లప్ప వాకిట్లో కూచుని అత్తమ్మతో చెప్పాడు. “పన్నెండు గొర్లు ఈనినయి. ఒక్క పిల్ల గూడ పోలేదు. పిల్లలు నడువయి గద, ఉగాదికి వస్తనో రానో అన్నడు. పైకం జమైతే నా కోసం ఆగకుండ్రి, మీరే కట్టుండ్రి అన్నడు.”

“తింటున్నడా?” అంది అత్తమ్మ.

“తింటున్నడు. ఇంకొక మాట అడుగుమన్నడు.” మల్లప్ప తలుపు వైపు చూసి గొంతు పెంచాడు. “ఇంట్ల ఆమె నవ్వుతున్నదా అని.”

“చెప్పు, శివరాత్రి నాడు నవ్విందని” అంది అత్తమ్మ.

నేను తలుపు వెనక ఉన్నాను. ఇంకొంచెం ముందుకు వచ్చి ఉంటే బాగుండేది.

మార్చి 15

పన్నెండు పిల్లలు. ఉగాదికి వస్తాడో రాడో. ఈ నెలకు ముప్పై ఒక్క రోజులెందుకో.

మార్చి 27, శుక్రవారం

గొంగడి అమ్ముడుపోయింది. దేవరకొండ అంగడికి పోయి వచ్చాం, నడిచే. బస్సు ఎక్కితే ఆ కిరాయి గొంగడి ధరలోనుంచి పోతుందని అత్తమ్మ లెక్క. కొనేవాడు గొంగడిని అటూ ఇటూ తిప్పి, “రెండు రంగులున్నదేంది?” అన్నాడు. “కావాలనే నేసిన. గట్ల ఎవ్వరు నెయ్యరు” అంది అత్తమ్మ. కంపల మీద దొరికిన వరసలో రంగు వచ్చిందని నాకూ ఆమెకూ మాత్రమే తెలుసు. పద్ధెనిమిది రూపాయలు ఇచ్చాడు. మరో ఇద్దరు అలాంటివే కావాలని అడిగారు.

మల్లప్ప తెచ్చినవి, నేను పక్కిళ్ళ ఉన్ని వడికినందుకు వచ్చిన ఎనిమిది, ఇవి. మూడువందలు నిండాయి.

ఇంటికి వచ్చి తలుపు వేసుకుని చాప మీద పోశాం. అత్తమ్మ లెక్కపెట్టింది. నేను లెక్కపెట్టాను. మళ్ళీ ఆమె. తక్కువేమో అని కాదు, బాగుందని.

మార్చి 29, ఆదివారం

అత్తమ్మ పైకం మూట కట్టుకుని లింగస్వామి మామ ఇంటికి పోయి, మూటతోనే తిరిగి వచ్చింది. కుంటుతూ వచ్చింది. కోపంలో కింద చూడక గుంతలో అడుగేసిందట, మడమ వాచింది.

జరిగింది ఇది. లింగస్వామి మామ పోయినవారం చెలకకు పోయాడు. ఐదు రాత్రుల మంద పెంట, నేలంతా నల్లగా ఉంది. తనకు పైసా ఖర్చు లేకుండా ఎవరో ఎరువు వేసి పోయారు. ఈసారి అక్కడ పండేది ఎంతో ఆయనకు తెలుసు. మూట చూడగానే లేచి చెప్పులేసుకున్నాడట. “గింత తొందరేంది హనుమక్కా. గడువు ఇంక రెండేండ్లున్నది గద. జర పని మీద పోతున్న, మళ్ళ మాట్లాడుదాం” అని వెళ్ళిపోయాడు.

ఇయ్యనని అనలేదు. చెయ్యి చాపలేదు, అంతే. చేతిలో పెట్టనిదే కాయితం ప్రకారం కట్టినట్టు కాదు. ఉగాది ఇంకా పదకొండు రోజులు. అన్ని రోజులూ ఆయనకు పని ఉంటుంది.

“ఎరువెయ్యకుంటే తీసుకుంటుండె. గవ్వకు పనికిరాని చెలకని ఇచ్చిపారేస్తుండె” అంది అత్తమ్మ, పసుపు రాయించుకుంటూ. మా ఆయన్ని తిట్టింది. లింగస్వామి మామను ఆయనకంటే తక్కువే తిట్టింది. నేను గొర్రెలే మళ్ళాయని చెప్పాను. “గొర్లకున్న తెలివి నీ మొగనికి లేదు” అంది. తరవాత, “నువ్వు గూడ నమ్మినవు సూడు” అంది.

ఏప్రిల్ 3

అత్తమ్మ మడమ తగ్గలేదు. నన్ను పంపింది. భద్రమ్మత్త వాకిట్లో ఉంది. “మీ మామ దేవరకొండ పోయిండు బిడ్డా” అంది, ముగ్గు వైపు చూస్తూ. వచ్చేశాను.

“ఎప్పుడొస్తడట?” అంది అత్తమ్మ.

అడగలేదు.

ఏప్రిల్ 5, ఆదివారం

మళ్ళీ పోయాను. మామ పెండ్లికి పోయాడట. గుమ్మం పక్కన ఆయన చెప్పులున్నాయి. లోపల ఎవరో దగ్గారు కూడా. నేను చెప్పుల వైపు చూశాను, భద్రమ్మత్త కూడా చెప్పుల వైపు చూసింది. ఇద్దరం కాసేపు చెప్పుల్నే చూసి, నేను వచ్చేశాను.

“చెప్పులు ఈడనే ఉన్నయి గద అత్తా, అనలేకపోయినవా?” అంది అత్తమ్మ.

“సిగ్గేసింది.”

అత్తమ్మ తిట్టలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. తిడితే బాగుండేది. నాలుగో పంట కూడా బండి ఎక్కుతుంది, చాయ్, గాజులు, అగ్గిపుల్లలు అన్నీ ఎక్కుతాయి, ఆయన వచ్చి అడిగితే నాకు సిగ్గేసిందని చెప్పాలి.

నాకు అడగడం రాదు. ఏం వచ్చు అని ఆలోచించాను. వడకడం వచ్చు. కూచోవడం వచ్చు.

ఏప్రిల్ 6, సోమవారం

పొద్దున్నే కదురు, ఉన్ని బుట్ట తీసుకుని, నడుముకు పైకం మూట కట్టుకుని లింగస్వామి మామ ఇంటికి పోయి అరుగు మీద కూచున్నాను. మామ వచ్చేదాకా కూచుందామని. ఆ లోపల ఉన్ని కూడా అవుతుంది, పొద్దు ఊరికే పోదు.

భద్రమ్మత్త, “ఇంట్ల లేడు బిడ్డా” అంది. తలూపి వడుకుతూ కూచున్నాను. మధ్యాహ్నం ఆమెకు మనసొప్పక రొట్టె, పచ్చిపులుసు పెట్టింది. పొద్దు గూకాక వచ్చేశాను. రెండు కండెల దారం అయింది.

“ఒక పూట రొట్టె గూడ మిగిలింది” అంది అత్తమ్మ. లేచి కూచుంది.

ఏప్రిల్ 7, మంగళవారం

ఈరోజు జరిగింది నేను చేసింది కాదు. ముందే రాసి పెడుతున్నాను.

ఆ ఇల్లు నీళ్ళకు పోయే దారిలో ఉంది. పొద్దున ఆడవాళ్ళందరూ నన్ను చూశారు. “ఏందే జానమ్మా, నిన్నటి సంది ఈడ కూసున్నవు?” అని రామమ్మ అడిగింది. తలదించుకున్నాను. “ఎవ్వరి కోసం?” తలదించుకున్నాను. ఆమె మామ ఇంటి తలుపు వైపు చూసింది, నా వైపు చూసింది, నోటి మీద చెయ్యి పెట్టుకుని గబగబా పోయింది.

మా ఊళ్ళో రావలసిన పైకం రాకపోతే మనిషి ఏదో పని చేతపట్టుకుని బాకీదారు అరుగు మీద వచ్చి కూచుంటాడు. మాట్లాడడు. పోయిన ఏడు గానుగ నూనె అమ్మేవాడు ఇలాగే ఒకరింటి ముందు మూడు రోజులు తాళ్ళు పేనుతూ కూచున్నాడు. నాకు ఇది తెలియదని కాదు. కూచునేటప్పుడు గుర్తుకు రాలేదు.

మధ్యాహ్నానికి కమ్మరి పుష్పమ్మ వచ్చి నా పక్కన కూచుంది. చిక్కుడుకాయలు తెచ్చుకుని ఈనెలు తీస్తూ చెవిలో అడిగింది. “నీకెంత రావాలె?”

నేను కదురు తిప్పుతూనే ఉన్నాను.

“మాకు నాలుగు నాగళ్ళ కర్రు కాల్చిన పైసలు. పోయిన వానకాలం నాటివి. నీకు ఇస్తున్నడని తెలిసి వచ్చిన. నీ వెనక నాది.”

కాదు, బాకీ మాదే అని చెప్పాల్సింది. చెప్పబోయాను కూడా. నోట్లో మాట రాలేదు. సిగ్గు.

సాయంత్రానికి అరుగు మీద నలుగురం అయ్యాం. భద్రమ్మత్త తలుపు తీసి మమ్మల్ని చూసి మళ్ళీ వేసింది. లోపల ఆమె గొంతు వినబడింది, పెండ్లికి పోయిన మామ గొంతు కూడా.

ఏప్రిల్ 8, బుధవారం, అమావాస్య

ఈరోజు కూడా సిగ్గు వల్లే ఏమీ చెప్పలేదని రాయబోయాను. పంతులమ్మ గుర్తుకు వచ్చింది. నిన్న సిగ్గే. ఈరోజు కాదు.

రేపు ఉగాది. పొద్దున పోయేసరికి పుష్పమ్మ నా జాగా ఊడ్చి పెట్టింది. దారిలో పోయేవాళ్ళు ఆగి మరీ చూస్తున్నారు. ఎవరో, “గొర్లోళ్ళ కాడ గూడ తిన్నడా” అన్నారు. ఆ మాట పూర్తి కాలేదు, లింగస్వామి మామ తలుపు తోసుకుని బయటికి వచ్చాడు. చెప్పులు కూడా వేసుకోలేదు.

“పిల్లా, నేను నీకు బాకీ ఉన్ననా?” అన్నాడు.

తలదించుకున్నాను.

“సూసిండ్రా, మాట్లాడదు. ఊరంత నన్ను నవ్వుతున్నది. జర నువ్వన్న చెప్పు వీళ్ళకు, ఎవరు ఎవరికి ఇయ్యాల్నో.”

నేను మూట విప్పి అరుగు మీద పెట్టాను.

ఆయన మూట వైపు చూశాడు. చెలక వైపు ఆలోచన పోయినట్టుంది. “ఇయ్యాల అమావాస్య. పైసలు ముట్టను” అన్నాడు.

వెనకనుంచి భద్రమ్మత్త వచ్చింది. “అమావాస్య నాడు ఇయ్యొద్దంటరు గని, తీసుకోవద్దని ఎవరన్నరు? రెండు దినాలు ఈ పిల్లకు రొట్టె పెట్టిన. ఇంత పెద్దమనిషివి, నీ ఇంట్ల నువ్వే దాక్కుంటే సద్ది ఎనక అర్రలకు తెచ్చి ఇచ్చిన. నాతోటి గాదు. ఇంక రెండేండ్లు గిట్లనే పెట్టాల్నా? తీసుకో.”

“నువ్వు జర ఊకో.”

“నేనూకుంట. ఊరు ఊకుంటదా?”

మామ కూచున్నాడు. మూట దగ్గరికి లాక్కుని లెక్కపెట్టాడు, అందరికీ వినబడేట్టు గట్టిగా. దూరంనుంచి చూసినవాళ్ళు నాకిస్తున్నాడనుకున్నారట. మూడువందలూ ఆయన చేతిలో పడ్డాక లోపలికి పోయి స్టాంపు కాయితం తెచ్చి నా ఒళ్ళో వేశాడు.

“ఇప్పుడన్న చెప్పు తల్లీ” అన్నాడు. మొదటిసారి ఆయన గొంతు మెత్తగా వినబడింది.

లేచి నిలబడ్డాను. కొంగు తల మీదికి లాక్కున్నాను. పుష్పమ్మ, రామమ్మ, దారిలో కడవలు దించినవాళ్ళు అందరూ ఉన్నారు. “బాకీ మాదే. చెలక మీది బాకీ. ఇయ్యాల తీరింది” అన్నాను. నా గొంతు అంత దూరం పోతుందని నాకు తెలియదు.

పుష్పమ్మ చిక్కుడుకాయల చాట పక్కన పెట్టి, “సరే, ఆమెది అయిపోయింది. ఇగ మాది సూడు లింగస్వామీ” అంది.

నేను ఇంటికి పరుగెత్తాను. కదురు అక్కడే మరిచిపోయాను. భద్రమ్మత్త వెనకనుంచి పంపింది, దారం చుట్టి.

ఏప్రిల్ 9, గురువారం, ఉగాది

పొద్దు పొడవకముందే అత్తమ్మ లేచింది. మాకు ఎడ్లు లేవు, నాగలి లేదు. పండుగనాడు అందరి ఎడ్లూ వాళ్ళ వాళ్ళ చెలకల్లోనే. “పార ఉన్నది గద” అంది. నా భుజం పట్టుకుని కుంటుతూ చెలకకు వచ్చింది. నేను పారతో తవ్వుతూ సాలు తీశాను. ఆమె గట్టు మీద కూచుని, “ఎడమకు పోతున్నవు, ఎడమకు” అంటూనే ఉంది. సాలు పాము పోయినట్టు వచ్చింది. అడుగు వేస్తే మన్ను మెత్తగా పొడి అవుతోంది. చేతిలోకి తీసుకుని వాసన చూశాను. గొర్రెల వాసన. అత్తమ్మకు చూపించాను. ఆమె కూడా వాసన చూసి, “మావోడు మంచిగనే పెట్టిండు” అంది. ఈ మాట తనతో చెప్పొద్దని నాకు చెప్పింది.

సాలు చివరికి వచ్చేసరికి బాట మీద మనిషి కనబడ్డాడు. నడక చూసి పోల్చుకున్నాను. మందను మల్లప్పకు అప్పగించి, నిన్న పొద్దునే బయలుదేరి నడుచుకుంటూ వచ్చాడు. కాళ్ళు మోకాళ్ళదాకా దుమ్ము. పైకం తక్కువ పడిందేమో అని ఇంకో పదకొండు రూపాయలు గోచీకి కట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చాడు. ఊళ్ళోకి పోకుండా నేరుగా చెలకకే వచ్చాడు, ఎవరి సాలు పడిందో చూద్దామని.

గట్టు మీద ఆగిపోయాడు. సాలు చూశాడు. నన్ను చూశాడు. నేను పార పట్టుకుని ఉన్నాను, ముఖం నిండా మట్టి.

“లింగస్వామి కాక చెలక ఇచ్చిండా?”

అత్తమ్మ నోరు తెరిచింది, మళ్ళీ ఏమనుకుందో గట్టు మీద అటు తిరిగి కూచుంది. నేనే చెప్పాలి.

“ఇచ్చిండు.”

“నువ్వు పోయినవా? ఒక్కదానివి?”

తలూపాను.

ఆయన మట్టిలో గొంతుక్కూచున్నాడు. “కాకను నువ్వు ఎట్లడిగినవే?”

“అడగలే” అన్నాను. “కూసున్న.”

ఆయనకు అర్థం కాలేదు. కానీ నవ్వడం మొదలుపెట్టాడు, నేనూ నవ్వాను, తలుపు లేదు, వెనక్కి పోవడానికి ఎక్కడా చోటు లేదు, చెలక మధ్యన నిలబడి గట్టిగా నవ్వాను.

ఇంతటితో చాలు. ఇంకా తొమ్మిది కాయితాలు మిగిలాయి, అవి చించి దాచుకుంటాను. ఈ పుస్తకం ఎవరి చేతిలో పడినా దయచేసి కాల్చేయండి. చదవకముందే అయితే మంచిది, చదివాక అయినా సరే. లింగస్వామి మామ గురించి రాసింది ఆయన కంట పడకూడదు, రోజూ ఎదురుపడే మనుషులం. భద్రమ్మత్త రొట్టె తిన్నాను. అత్తమ్మ చెప్పొద్దన్న మాట కూడా ఇందులోనే ఉంది. అయితే ఊరికే మాత్రం తగలబెట్టకండి. పొయ్యిలో పెట్టి, పైన నీళ్ళ కుండ ఎక్కించండి. ఇన్ని కాయితాలకు ఒకరి స్నానానికి సరిపోయే నీళ్ళు కాగుతాయి.